తొలి వాంగ్మూలానికే న్యాయవాది కావాలి

సొంత దేశంలో ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారిని మళ్లీ ఆ ప్రమాదంలోకే నెట్టబోమని ప్రపంచ దేశాలు మాటిచ్చాయి. 1951 జులై 28న జెనీవాలో ఆమోదం పొందిన శరణార్థుల ఒప్పందానికి ప్రాణం ఆ మాటే. జాతి, మతం, జాతీయత, ఏదైనా సామాజిక సమూహానికి చెందడం, రాజకీయ అభిప్రాయం... ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా వేధింపులు తప్పవన్న సహేతుకమైన భయం ఉన్నవారే శరణార్థులని అది నిర్వచించింది. అయితే ఆ భయం నిజమో కాదో ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి, తన గోడు చెప్పుకొనే మనిషి పక్కన ఎవరుండాలి అన్నవాటిని ఆయా దేశాలకే వదిలేసింది. అన్యాయం చొరబడింది అక్కడే. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కల ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 84 లక్షల మంది తమ ఆశ్రయ దరఖాస్తుపై నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నారు. వారిలో ఎందరో న్యాయవాది ముఖమైనా చూడకుండానే తమ తలరాతను మార్చే ప్రశ్నలకు జవాబులిచ్చేశారు.

ఆశ్రయం కోరేవారికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం అందాలి. అదీ దరఖాస్తు తిరస్కరించాక, అప్పీలుకు వెళ్లేటప్పుడు కాదు. తొలి ఇంటర్వ్యూకు ముందే అందాలి. ఇది మా నిశ్చితాభిప్రాయం.

ఈ కేసుల స్వభావమే వేరు. ఇక్కడ సాక్షులు సరిహద్దులకు ఆవల ఉండిపోతారు. చిత్రహింసలు పెట్టిన ప్రభుత్వం వాటికి ధ్రువపత్రం రాసివ్వదు. చివరికి అధికారి చేతిలో మిగిలేది దరఖాస్తుదారు మాట ఒక్కటే. ఆ మాట తొలిసారి ఎలా నమోదైతే, ఆ తర్వాత చెప్పే ప్రతి మాటనూ దానితోనే సరిపోలుస్తారు. సరిహద్దులో నిద్రాహారాలు లేని స్థితిలో రెండు వాక్యాల్లో చెప్పిన సంగతిని, నెలల తర్వాత ఇంటర్వ్యూలో రెండు గంటల పాటు వివరిస్తే, 'ఇదంతా అప్పుడెందుకు చెప్పలేదు?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. అమెరికాలో 2005 నాటి చట్టం మరో అడుగు ముందుకేసింది. కేసుకు మూలమైన విషయంతో సంబంధం లేని తేడానైనా సరే, అవిశ్వాసానికి కారణంగా తీసుకోవచ్చని అది న్యాయమూర్తులకు వెసులుబాటు ఇచ్చింది.

తేడాలు రావడానికి అబద్ధమే ఆడనక్కర్లేదు. అఫ్గానిస్థాన్ నుంచి వచ్చినవారికి కొత్త సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. ఇథియోపియా క్యాలెండర్‌లో పదమూడు నెలలు. సంవత్సరం సంఖ్య మనం వాడేదానికన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. అరెస్టయిన తేదీని దుబాసీ హడావుడిగా మార్చి చెబితే అది కాగితంపై వైరుధ్యంగా మారుతుంది. చిత్రహింసలు అనుభవించినవారికి జరిగింది జరిగినట్టు వరుసగా గుర్తుండదు. అత్యాచారానికి గురైన మహిళ, ఎదుట కూర్చున్నది పురుష అధికారి, పురుష దుబాసీ అయితే నోరు విప్పకపోవచ్చు. మహిళా అధికారిని కోరే వీలుంటే ఆ సంగతి ఆమెకు ముందుగా ఎవరు చెబుతారు?

అంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. తన కథలో చట్టానికి కావాల్సిన భాగమేదో బాధితులకు తెలియదు. సాయుధ ముఠా చేతిలో దెబ్బలు తిన్న వ్యాపారి 'డబ్బు ఇవ్వలేదని కొట్టారు' అని చెప్పి ఊరుకుంటాడు. అతని దృష్టిలో అది నిజమే. చట్టం దృష్టిలో అది మామూలు నేరం, ఆశ్రయానికి చాలదు. 'అదే వీధిలో మిగతా దుకాణాల వాళ్లను వదిలి మిమ్మల్నే ఎందుకు అడిగారు?' అని నిదానంగా అడిగితే, తాము అల్పసంఖ్యాక మతస్థులమని, అంతకుముందే సోదరుడిని ఎత్తుకెళ్లారని అప్పుడు బయటపడుతుంది. ఈ ప్రశ్న అడగడమే న్యాయవాది చేసే అసలు పని. లేని కథ అల్లడం కాదు, ఉన్న కథలో చట్టానికి అవసరమైనది మరుగున పడకుండా చూడటం.

అమెరికాలో నేరారోపణ ఎదుర్కొనే పేదలకు ప్రభుత్వమే న్యాయవాదిని పెట్టాలని అక్కడి సుప్రీంకోర్టు 1963లోనే తీర్పిచ్చింది. ఆశ్రయ, బహిష్కరణ కేసులు విచారించే వలస కోర్టుల్లో ఆ హక్కు లేదు. న్యాయవాదిని పెట్టుకోవచ్చు గానీ అది 'ప్రభుత్వానికి ఖర్చు లేకుండా' జరగాలని చట్టమే చెబుతోంది. ఎదుటి పక్షాన మాత్రం ప్రభుత్వ న్యాయవాది నిలబడతారు. దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. పన్నెండు పేజీల ఆ ఫారాన్ని ఇంగ్లిషులోనే నింపాలి. కోర్టు విచారణకు ఒక్కసారి రాకపోతే, ఆ మనిషి లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు వెలువడవచ్చు. చిరునామా మారిన సంగతి తెలపక నోటీసు అందనివారు ఇలాగే చిక్కుకుంటారు.

ఈ ఒంటరితనం ఖరీదు ఎంతో ముగ్గురు న్యాయశాస్త్ర ఆచార్యులు 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. న్యాయవాది ఉన్న ఆశ్రయ కేసుల్లో 45.6 శాతం గెలిచాయి. లేనివాటిలో గెలిచినవి 16.3 శాతమే. బలమైన కేసులనే న్యాయవాదులు ఎంచుకుంటారన్న వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ దాదాపు మూడు రెట్ల తేడాను అదొక్కటే వివరించలేదు. 2007-2012 మధ్య జరిగిన బహిష్కరణ కేసులపై మరో పరిశోధన మొత్తంగా 37 శాతం మందికి, నిర్బంధంలో ఉన్నవారిలోనైతే 14 శాతం మందికే న్యాయవాది దొరికారని తేల్చింది. గోడల మధ్య ఉన్నవారికి సాయం ఎక్కువ కావాలి. దక్కుతున్నది తక్కువ.

న్యాయవాది దొరకని చోట దళారి దొరుకుతాడు. డబ్బు తీసుకుని, అందరికీ ఒకే కథ రాసి, చదివి వినిపించకుండానే సంతకం పెట్టిస్తాడు. ఆ అబద్ధం బయటపడితే మూల్యం చెల్లించేది సంతకం చేసినవారు. బ్రిటన్‌లో నమోదు లేకుండా వలస సలహాలివ్వడం 1999 చట్టం ప్రకారం నేరం. న్యాయవాది కాకపోయినా ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధులు అమెరికాలో ఉన్నారు. సలహా ఇస్తామన్నవారి పేరు అధికారిక జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఖాళీ ఫారంపై సంతకం చేయకూడదు. సమర్పించిన ప్రతి కాగితానికీ నకలు దగ్గర ఉంచుకోవాలి. ఆశ్రయం కోరే మన తెలుగువారికీ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

ఇది ఆచరణలో సాధ్యమేనని స్విట్జర్లాండ్ చూపింది. అక్కడ స్విస్ పీపుల్స్ పార్టీ 'వీళ్లకు ఉచిత వకీళ్లా?' అని ఎద్దేవా చేసి ప్రచారం సాగించినా, 2016 జూన్ 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు మూడింట రెండొంతుల మంది ఓటర్లు ఆ సంస్కరణకు మద్దతిచ్చారు. 2019 మార్చి 1 నుంచి సమాఖ్య ఆశ్రయ కేంద్రాల్లో మొదటి నుంచే ఉచిత న్యాయ సలహా, ప్రాతినిధ్యం అందుతున్నాయి. న్యాయ ప్రతినిధి ఇంటర్వ్యూలో పక్కనే ఉంటారు. తిరస్కరించబోతుంటే ముసాయిదా నిర్ణయాన్ని ముందే చూసి అభ్యంతరం చెప్పవచ్చు. అక్కడ వేగం పెంచడానికే ఈ ఏర్పాటు చేశారు. పనికి ఉరుకులు పెట్టే ప్రభుత్వాలు ఈ సంగతి గమనించాలి. తొలి విచారణ సక్రమంగా జరిగితే అప్పీళ్ల భారం తగ్గుతుంది, కోర్టుల చుట్టూ తిరిగే ఏళ్లు మిగులుతాయి. 'దొంగ దరఖాస్తులు పెరుగుతాయి' అన్న భయానికీ ఇందులోనే జవాబుంది. కేసు నిలవదని నమ్మకంగా చెప్పగలిగేది, దరఖాస్తుదారు ఆ మాట వినేది, అతని పక్షాన ఉన్న న్యాయవాది నుంచే.

హక్కు చట్టంలో ఉంటే సరిపోదని బ్రిటన్ అనుభవం చెబుతోంది. అక్కడ ఆశ్రయ కేసులకు ప్రభుత్వ న్యాయ సహాయం ఉంది. కానీ ఫీజులు ఏళ్ల తరబడి పెరగకపోవడంతో చాలా మంది న్యాయవాదులు ఆ పని వదులుకున్నారు. కొన్ని ప్రాంతాల్లో తీసుకునేవారే దొరకరు. ఐరోపా యూనియన్ 2024లో తెచ్చిన కొత్త నిబంధనలు తొలి దశలోనే ఉచిత న్యాయ సలహాను హక్కుగా గుర్తించాయి. అమలు తేదీ 2026 జూన్ 12. ఇది ముందడుగే. అయినా సలహా వేరు, ఇంటర్వ్యూ గదిలో పక్కన కూర్చోవడం వేరు. నియమాలు చెప్పి పంపించేస్తే సరిపోదు.

ప్రభుత్వాలు చేయాల్సిందేమిటో స్పష్టంగానే ఉంది. న్యాయవాదులకు బతకగలిగే ఫీజు ఇవ్వాలి. నిర్బంధ కేంద్రాల్లోకి వారికి ఆటంకం లేని ప్రవేశం ఉండాలి. శిక్షణ పొందిన దుబాసీని ప్రభుత్వమే ఇవ్వాలి. అమెరికా ఆశ్రయ కార్యాలయాల్లోలా 'దుబాసీని మీరే తెచ్చుకోండి' అనడం తగదు. ఇంటర్వ్యూలో నమోదు చేసింది దరఖాస్తుదారు భాషలో తిరిగి చదివి వినిపించి, తప్పులు సరిదిద్దాకే సంతకం తీసుకోవాలి. న్యాయవాది అందుబాటులో లేని రోజున ఇంటర్వ్యూను వాయిదా వేయాలి తప్ప, ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టకూడదు.