ప్రీఫెచ్ ఖాళీ చేస్తే కంప్యూటర్ స్పీడ్ పెరగదు

ఒకటే సలహా ఏళ్ల తరబడి రకరకాల వీడియోలుగా, ఫార్వర్డ్ మెసేజీలుగా తిరుగుతోంది. సారాంశం ఇది: ‘రన్ బాక్సులో టెంప్ అని కొట్టి వచ్చినవన్నీ డిలీట్ చేయండి. ప్రీఫెచ్ అని కొట్టి అవీ తీసేయండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచండి. ర్యామ్ క్లీనర్, రిజిస్ట్రీ క్లీనర్ వేసుకోండి. డీఫ్రాగ్ చేయండి. రాత్రి షట్‌డౌన్ చేసి పడుకోండి. సినిమా ఆగి ఆగి వస్తుంటే కోడెక్ ప్యాక్ ఎక్కించండి. పాత సిస్టమ్ కొత్తదానిలా పరిగెడుతుంది.’

వీటిలో కొన్ని చేసినా చేయకపోయినా ఒకటే. కొన్ని ఉన్న వేగాన్ని కూడా పోగొడతాయి. అన్నిటిలోనూ ఉన్న లోపం మాత్రం ఒకటే: నెమ్మది ఎక్కడుందో చూడకుండానే వేలు పెట్టమంటాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు కాలమ్స్‌లో ఏది నూటికి దగ్గరగా ఉందో చూడటానికి అర నిమిషం చాలు. ఈ సలహాలు ఇచ్చేవాళ్లు ఆ అర నిమిషం గురించి ఎప్పుడూ చెప్పరు.

టెంప్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ప్రోగ్రాములు పని మధ్యలో రాసుకుని వదిలేసిన ఫైళ్లవి. తీసేస్తే డిస్కులో చోటు మిగులుతుంది, అంతే. సీ డ్రైవ్ నిండిపోయి గీత ఎర్రబడినప్పుడు ఆ చోటు అవసరమే, అప్‌డేట్లకూ, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే పేజ్ ఫైలుకూ జాగా కావాలి కాబట్టి. సగం ఖాళీగా ఉన్న డ్రైవులోంచి రెండు జీబీ తీసేసినంత మాత్రాన బ్రౌజర్ త్వరగా తెరుచుకోదు. విండోస్ 10, 11లలో స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి పెడితే ఈ పని అదే చూసుకుంటుంది.

ప్రీఫెచ్ అలా కాదు. దాన్ని చెత్త కింద జమకట్టడమే తప్పు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఏర్పాటు అది. మీరు ఒక ప్రోగ్రాం తెరవగానే మొదటి పది సెకన్లలో అది డిస్కు నుంచి ఏయే ఫైళ్లు, వాటిలో ఏయే భాగాలు చదువుతోందో విండోస్ గమనించి ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. మళ్లీ అదే ప్రోగ్రాం తెరిచినప్పుడు ఆ భాగాలన్నిటినీ ముందుగానే మెమరీలోకి తెచ్చి పెడుతుంది. ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తే ఆ లెక్కంతా పోయి, ప్రతి ప్రోగ్రాంకీ మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. అంటే స్పీడ్ కోసం పెట్టుకున్నదాన్నే స్పీడ్ పేరుతో చెరిపేస్తున్నాం. పేరుకుపోతుందన్న భయమూ అక్కర్లేదు. విండోస్ 7 దాకా 128 ఫైళ్లు, విండోస్ 8 నుంచి 1024 ఫైళ్లు దాని పరిమితి. పాతవాటిని అదే తీసేస్తుంది.

విండోస్ ఎలా మొదలవ్వాలో మార్చే సెట్టింగుల కిటికీ ఎంఎస్‌కాన్ఫిగ్. దాని చిట్కా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నిజంగా నష్టపోయేవాళ్లున్నారు. బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కితే ‘నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్’, ‘మాగ్జిమమ్ మెమరీ’ అని రెండు గడులుంటాయి. రెండూ మామూలుగా టిక్ లేకుండానే ఉంటాయి. టిక్ లేదంటే అర్థం, ఉన్న కోర్లన్నీ (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), ఉన్న ర్యామ్ అంతా వాడుకోమని. ఆ గడులు పెంచడానికి కావు, తగ్గించడానికి. తక్కువ కోర్లున్న, తక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్ మీద తమ సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తుందో పరీక్షించుకునేవాళ్ల కోసం పెట్టినవి. అన్నిటికన్నా పెద్ద సంఖ్య ఎంచుకుంటే ఏమీ మారదు. పొరపాటున 2 దగ్గర ఆగితే మిగతా కోర్లు ఊరికే కూర్చుంటాయి. మాగ్జిమమ్ మెమరీకి టిక్ పెడితే ఇంకా చిక్కు: వేయించుకున్న ర్యామ్‌లో కొంత విండోస్‌కి అందకుండా పోవచ్చు.

ఈ చిట్కా పాటించి ఉంటే ఒకసారి చూసుకోండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిస్తే కింద ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అని కనిపిస్తుంది. అక్కడ కొన్ని వందల ఎంబీ ఉంటే కంగారు అక్కర్లేదు. జీబీల లెక్కన కనిపిస్తే మాత్రం ఎంఎస్‌కాన్ఫిగ్‌కి వెళ్లి ఆ రెండు టిక్కులూ తీసేసి రీస్టార్ట్ చేయండి.

‘ర్యామ్ నిండిపోయింది, క్లీనర్‌తో ఖాళీ చేయండి’ అనేది మరో మాట. ర్యామ్ ఉన్నదే నిండటానికి. అదే మెమరీ పేజీలో ‘క్యాష్డ్’ అని కనిపించే అంకె, మళ్లీ అవసరపడొచ్చని విండోస్ అట్టిపెట్టుకున్న డేటా. వేరే ప్రోగ్రాం అడిగితే ఆ చోటులో చాలా భాగం వెంటనే ఇచ్చేస్తుంది. క్లీనర్ నొక్కగానే అంకె కిందికి దిగడం నిజమే. నడుస్తున్న ప్రోగ్రాముల చేతిలోని మెమరీని బలవంతంగా బయటికి తోసేస్తుంది మరి. ఆ మరుక్షణం బ్రౌజర్ మీద క్లిక్ చేసి చూడండి, తోసేసిందంతా వెనక్కి తెచ్చుకునేదాకా అది తటపటాయిస్తుంది. ర్యామ్ నిజంగానే చాలకపోతే క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేయండి, లేదా ర్యామ్ పెంచండి. మూడో దారి లేదు.

రిజిస్ట్రీ క్లీనర్ల విషయంలో నాది మొహమాటం లేని మాట: వేయకండి. విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే చోటు రిజిస్ట్రీ. అందులో కొన్ని వందల పనికిరాని ఎంట్రీలు తీసేసినా తేడా ఎవరికీ తెలియదు; అవసరమైనది ఒక్కటి పోతే ప్రోగ్రాం తెరుచుకోదు, ఒక్కోసారి విండోసే లేవదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ తన సపోర్ట్ విధానంలోనే రాసింది. పైగా ఇలాంటి ప్రోగ్రాములకు సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇస్తున్నాం. 2017లో బాగా పేరున్న సీక్లీనర్ అధికారిక డౌన్‌లోడ్‌లోనే హ్యాకర్లు మాల్‌వేర్ దూర్చారు. ఆ వెర్షన్ సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లింది. పేరున్నదానికే అలా అయితే, వీడియో కింద ఇచ్చిన ఊరూపేరూ లేని లింకును ఏం చూసి నమ్మాలి?

డీఫ్రాగ్, అంటే ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చడం, హార్డ్ డిస్కుల కాలం నాటి సలహా, ఆ కాలానికి సరైనదే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు పూర్తిచేయడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఫైలు ముక్కలై చెల్లాచెదురైతే ప్రతి ముక్కకీ హెడ్ కదలాలి, డిస్కు తిరిగి రావాలి. చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏదీ లేదు. దానికి కావలసింది ట్రిమ్, అంటే డిలీట్ అయిన బ్లాకులు ఇవీ అని డ్రైవుకి చెప్పడం. విండోస్ 8 నుంచి ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’ ఏది ఏ రకమో గుర్తించి తగిన పని వారానికోసారి తనే చేస్తోంది. ఎస్ఎస్‌డీకి విడిగా డీఫ్రాగ్ ప్రోగ్రాం కొనక్కర్లేదు.

రాత్రి షట్‌డౌన్ చేస్తే పొద్దుటికి అంతా సరిగ్గా ఉంటుందనేది సగం నిజం. విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, విండోస్ మూలభాగమైన కెర్నల్, పరికరాలను నడిపే డ్రైవర్ల స్థితి డిస్కు మీద ఫైలుగా భద్రమై, పొద్దున మళ్లీ అదే మెమరీలోకి వస్తుంది. వైఫై డ్రైవర్ మొరాయిస్తుంటే ఆ మొరాయింపు కూడా దాంతోపాటే రావొచ్చు. టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో ‘అప్ టైమ్’ చూడండి. రోజూ ఆపుతున్న కంప్యూటరే వారాలుగా నడుస్తున్నట్టు చూపిస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటినుంచి లోడ్ చేస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేసినా పూర్తిగా ఆగుతుంది.

ఇక కోడెక్ ప్యాక్. కుదించిన వీడియోను విప్పి చూపించే ప్రోగ్రాం కోడెక్; అలాంటివి గుత్తగా ఇచ్చేది ప్యాక్. సినిమాలు, సిరీస్‌లు కంప్యూటర్‌లోనే చూసేవాళ్లకి వీడియో ఆగి ఆగి రావడమే అసలు తలనొప్పి. రోగం ఒకటి, మందు ఇంకొకటి. కోడెక్ లేకపోతే వీడియో అసలు రాదు, లేదా బొమ్మ లేకుండా శబ్దమే వస్తుంది. వస్తూ వస్తూ ఆగుతోందంటే కోడెక్ ఉన్నట్టే. వీఎల్‌సీ, ఎంపీవీ లాంటి ప్లేయర్లలో డీకోడర్లు లోపలే ఉంటాయి. బ్రౌజర్లో చూసే యూట్యూబ్ అయితే మీరు ఎక్కించిన కోడెక్ ప్యాక్ వైపు కన్నెత్తి కూడా చూడదు.

మరి ఎక్కడ ఆగుతోంది? యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. ‘బఫర్ హెల్త్’ (ముందుగా వచ్చి ఉన్న వీడియో ఎంత) సున్నాకి జారిపోతుంటే సమస్య నెట్‌ది. బఫర్ నిండుగా ఉండి ‘ఫ్రేమ్స్’ వరుసలో ‘డ్రాప్డ్’ (చూపించకుండా వదిలేసినవి) అంకె పెరుగుతూ పోతుంటే సమస్య మీ కంప్యూటర్‌ది. అప్పుడు ‘కోడెక్స్’ వరుస చూడండి. ఏవీ01 అని మొదలైతే అది ఏవీ1. 2018లో వచ్చిన ఈ ఫార్మాట్‌ని నేరుగా విప్పే హార్డ్‌వేర్ 2020లో వచ్చిన ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్ చిప్పుల్లో, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌లో ఉంది. అంతకుముందువాటిలో ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. యూట్యూబ్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఏవీ1ని ఎస్‌డీకే, అంటే తక్కువ స్పష్టత వీడియోలకే, పరిమితం చేయొచ్చు. బ్రౌజర్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆఫ్ అయి ఉందేమో కూడా చూడండి. అది ఆఫ్‌లో ఉంటే మంచి గ్రాఫిక్స్ కార్డు కూడా పనికిరాదు.

డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లకు పరీక్ష కావాలంటే నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది. బ్లెండర్ ఫౌండేషన్ 2008లో విడుదల చేసిన పొట్టి యానిమేషన్ చిత్రం ‘బిగ్ బక్ బన్నీ’. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉచితంగా, 1080పీలోనూ 4కేలోనూ దొరుకుతుంది. పది నిమిషాల లోపే, చూడటానికీ సరదాగా ఉంటుంది. ముందు 1080పీ, తర్వాత 4కే వీఎల్‌సీలో ఆడించండి. నడుస్తుండగా కంట్రోల్, జే నొక్కి స్టాటిస్టిక్స్ ట్యాబ్‌లో ‘లాస్ట్’ (lost, అంటే పోయిన ఫ్రేములు) అంకె చూడండి. 1080పీలో కదలకుండా ఉండి 4కేలో పెరుగుతుంటే ఆ కంప్యూటర్‌కి 1080పీ కాపీలే తెచ్చుకోండి.