పందికొక్కు సముద్రం దాటింది, నిందతో సహా

‘పందికొక్కుల్లా మేస్తున్నారు’ అన్న మాట వినపడని ఎన్నికల సభ మన దగ్గర అరుదు. అధికారంలో ఉన్నవాళ్లను అవతలివాళ్లు అంటారు. కుర్చీలు మారగానే వీళ్లు వాళ్లను అంటారు. ఇంత అచ్చమైన నాటు తిట్టు ఇంగ్లిష్ డిక్షనరీకి ఎక్కిందంటే చాలామంది నమ్మరు. ఎక్కింది, బాండికూట్ అనే పేరుతో.

ఇండియాలో తెల్లదొరలు వాడిన మాటలను పోగేసి 1886లో అచ్చు వేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు దీని మూలం తెలుగు పందికొక్కేనని రాసింది. కొక్కు అంటే ఎలుక. పంది ఊరికే వచ్చి చేరలేదు. దీన్ని మూలకు తరిమి చూడండి, ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలాగే గుర్రుమంటుంది. పెద్ద రకం కిలో దాకా తూగుతుంది. ఇంగ్లిష్ కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే వ్యాపారం మొదలుపెట్టింది. గోదాములు కట్టుకున్నవాడికి ఈ జీవితో పరిచయం కావడానికి ఎన్నాళ్లో పట్టి ఉండదు.

తమిళ, మలయాళాల్లో దీన్ని పెరుచ్చాళి అంటారు, కన్నడంలో హెగ్గణ. ఇంగ్లిష్‌కు అంటుకున్నది మాత్రం మన పేరు. హిందీ సంగతి ఇంకా తమాషా. అక్కడ ఘూస్ అంటే పందికొక్కు, ఘూస్ అంటే లంచం కూడా. మనం ‘పందికొక్కులా’ అని పోలిక చెప్పాలి, వాళ్లకు ఆ శ్రమ కూడా లేదు.

‘మన తెలుగు మాట ప్రపంచమంతా తిరిగింది’ అని వాట్సాప్‌లో పంచుకునేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. నాకు అసలు కథ ఆస్ట్రేలియాలో మొదలవుతుందనిపిస్తుంది. 18వ శతాబ్దం చివర్లో అక్కడ దిగిన బ్రిటిష్‌వాళ్లకు మూతి సాగిన, నేల తవ్వే చిన్న జంతువు కనిపించింది. ఇండియా నుంచి వచ్చిన పేరు చేతిలో సిద్ధంగా ఉంది, దాన్నే తగిలించేశారు. నిజానికి అది ఎలుక జాతే కాదు, కంగారూలా సంచిలో పిల్లల్ని సాకేది. ఆ సంచి మూతి కూడా వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా.

ఆ జంతువుకు పేరు లేక కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగార్ అనే ఆదివాసులు ఒక రకాన్ని క్వెండా అని పిలిచేవాళ్లు, ఇప్పటికీ పిలుస్తున్నారు. కానీ ప్రపంచానికి తెలిసింది బాండికూట్. అంటే మన మాట తెల్లవాళ్ల ఓడెక్కి వెళ్లి, ఇంకొకరి మాట మీద కూర్చుంది. తెలుగు గొప్పతనం లెక్కలో దీన్ని వేసుకోవడానికి నాకు మనసొప్పదు.

కేరళలో మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగే పని లేకుండా శుభ్రం చేసే రోబోను తయారుచేసి, దానికీ బాండికూట్ అనే పేరు పెట్టారు. పెరుచ్చాళి అనే సొంత మాట ఉన్న మలయాళీల దగ్గరికి మన పందికొక్కు ఇంగ్లిష్ వేషంలో తిరిగొచ్చిందన్నమాట. ఈ పేరుకు ఇన్నాళ్లకు దక్కిన మర్యాద బహుశా ఇదొక్కటే.

ఎందుకంటే ఆస్ట్రేలియాలో జంతువు మారినా నింద మారలేదు. అక్కడి వాడుక ఇంగ్లిష్‌లో బాండికూట్ ఒక క్రియ కూడా. ఆలుగడ్డ మొక్కను పైన కదలనివ్వకుండా, పక్కనుంచి వేళ్లతో మట్టి తోడి దుంపలు కాజేయడాన్ని అలా అంటారు. ఆకులు పచ్చగానే ఉంటాయి. తవ్వకం రోజున గానీ సంగతి బయటపడదు. వేరుశనగ వేసిన మన రైతుకు ఈ క్రియకు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మొక్క పీకితే కాయలుండాల్సిన చోట ఉత్త వేళ్లు రావడం, పక్కనే కొత్తగా తోడిన మట్టి కుప్ప కనిపించడం ఆయనకు ఏటా ఉండేదే.