నీలగిరిని నల్గొండ చేసింది సుల్తానేనా?

వారం రోజులుగా అదే ఫార్వర్డ్. నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఊళ్ల పేర్లన్నీ సుల్తాన్లు, నిజాంలు మార్చేసినవేనట. నీలగిరిని నల్గొండ చేశారట, భానుపురిని సూర్యాపేట చేశారట, ‘పేట’ అని ఉన్న ప్రతి ఊరూ నిజాం పెట్టిందేనట. నాకు నలుగురు పంపారు, అందులో ఒకాయన మా బావ, చదువుకున్న మనిషి.

ముందు నల్గొండ చూద్దాం. నల్ల, కొండ. ఇందులో ఫార్సీ ముక్క ఎక్కడుంది? ఓరుగల్లులో కల్లు గల్లు అయినట్టే ఇక్కడ కొండ గొండ అయింది. బహమనీల కాలంలో పేరు మారిందని జిల్లా చరిత్రల్లోనూ రాస్తారు, రాయనీ. ఫార్సీలో దస్త్రాలు రాయించుకునే సుల్తాను పనిగట్టుకుని సంస్కృతం పేరు తీసేసి అచ్చ తెలుగు పేరు పెట్టాడంటే, ఆయనకు మనమే శాలువా కప్పాలి. జనం నోట్లో ఉన్న పేరే దస్త్రంలోకి ఎక్కి ఉంటుందని నా లెక్క.

సూర్యాపేట ఇంకా తమాషా. భానుడన్నా సూర్యుడన్నా ఒకడే కదా! ఇక ‘పేట’ అంటారా, తమిళంలో పేట్టై, కన్నడంలో పేటె, మనకు పేట. పాలమూరుకు అసలు పేరని ఆ మెసేజే చెప్పే రుక్మమ్మపేటలోనూ అదే పేట ఉంది, రాసినాయన చూసుకోలేదు.

పాలమూరు మహబూబ్‌నగర్ అయిన సంగతి మాత్రం నిజమే. 1890 డిసెంబర్ 4న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు. అయినా జడ్చర్ల బస్టాండులో నిలబడి వినండి: బస్సు బోర్డు మీద మహబూబ్‌నగర్, కండక్టర్ నోట్లో “పాలమూర్, పాలమూర్, ఎక్కుండ్రి!”

నడిగడ్డ అన్న పేరులో ‘నది’ ఉందని ఆ మెసేజ్‌లో అన్నారు. కాదండీ, అది ‘నడి’. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ గడ్డ. ఈ రెండు నదుల మధ్య నేల కోసమే విజయనగరం వాళ్లూ బహమనీలూ తరతరాలు కొట్టుకున్నారు, 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు దగ్గర బీజాపూర్ సుల్తాన్ ఆదిల్‌షాను ఓడించిందీ దీనికోసమే. ఫార్సీవాళ్లు దీన్ని దోఆబ్ అన్నారు, అంటే రెండు నీళ్లు. వాళ్లు నీళ్లను చూసి పేరు పెడితే మనవాళ్లు మధ్యలోని గడ్డను చూసి పెట్టారు. గద్వాలలో ఇప్పుడు దోఆబ్ అనేవాళ్లను ఒక్కరిని చూపించండి.

చివరగా, ‘1948 దాకా ఇక్కడి ప్రతి ఊరూ నిజాం కిందే’ అన్న మాట. గద్వాల, వనపర్తి సంస్థానాలకు తమ రాజులు తమకున్నారు, కానీ పైన నిజాం ఉన్నాడు కాబట్టి వదిలేద్దాం. మరి మునగాల? చుట్టూ నిజాం ఊళ్లు, మధ్యలో బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా కింద ఉన్న పరగణా అది. కొమర్రాజు లక్ష్మణరావు దివాన్‌గా చేసింది అక్కడి జమీందారు దగ్గరే. నల్గొండలో కలిసింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే. సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే మీదే ఉంది, మా బావ నెలకు రెండుసార్లు దాని మీదుగానే పోతాడు.