డయాలసిస్ రోగి పేరు తుపాను జాబితాలో ఉందా?

అక్టోబరు రెండో వారం వస్తోందంటే శ్రీకాకుళం జిల్లాకు గుండెల్లో దడే. 2013లో పైలిన్ తుపాను అక్టోబరు 12న తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ కూడా సరిగ్గా అదే తేదీన. 2018లో తిత్లీ 11న తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటి, ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకు పడుకోబెట్టేసింది. ఇన్ని దెబ్బలు తిన్నాక జనాన్ని ముందే తరలించడంలో మన యంత్రాంగం రాటుదేలిందనే చెప్పాలి. హెచ్చరిక రాగానే కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్, మండలానికో ప్రత్యేకాధికారి, బడుల్లో పునరావాస కేంద్రాలు... చకచకా కదులుతారు. నాకు పేచీ అక్కడ లేదు. గాలి తగ్గాక వచ్చే నాలుగైదు రోజులతోనే.

ఎందుకంటే ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు యంత్రానికి అతుక్కుని ఉండాలి. ఆ నాలుగు గంటల్లో యంత్రం గుండా ఇంచుమించు 120 లీటర్ల శుద్ధమైన నీరు పోవాలి. ఆ నీటిని తయారుచేసే ఆర్వో ప్లాంటుకు అంతకంటే ఎక్కువ నీరు కావాలి, దానికీ కరెంటే ఆధారం. స్తంభాలు విరిగి, మోటార్లు ఆగి, రోడ్డుకు అడ్డంగా చెట్లు పడితే ఈ గొలుసు ఎక్కడ తెగినా ఒకటే. రెండు విడతలు తప్పితే ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది, పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు.

పునరావాస కేంద్రంలో వడ్డించే తిండి సంగతీ చూడండి. పులిహోర, పచ్చడి, అరటిపండు. తాగే నీరు దొరకని చోట కూలిన చెట్ల నుంచి కొబ్బరి బొండాలు. మామూలు మనిషికి అమృతమే. డయాలసిస్ రోగికి మాత్రం అరటిపండు, బొండం నీళ్లు పొటాషియం మూటలు, పచ్చడిలోని ఉప్పు దాహాన్ని పెంచేది. వడ్డించేవాళ్ల తప్పేమీ లేదు, ఎదురుగా కూర్చున్నది ఎవరో వాళ్లకు తెలియదు.

తెలిసినవాళ్లు మాత్రం ప్రభుత్వంలోనే ఉన్నారు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది, గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికే వెళ్లి చేతికిస్తారు. అంటే ఆ ఇల్లు ఎక్కడుందో, మనిషి లేచి నడవగలడో లేదో పింఛన్లు చూసేవాళ్లకు తెలుసు. ఏ రోజు ఏ కేంద్రానికి వెళ్తాడో డయాలసిస్ కేంద్రానికి తెలుసు. పిల్లలు చెన్నైకో హైదరాబాద్‌కో వలసపోయి ముసలాళ్లిద్దరే ఉన్న ఇల్లు ఏదో ఆశా కార్యకర్త నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తరలింపు జాబితా రాసేది మాత్రం రెవెన్యూవాళ్లు. లోతట్టు ప్రాంతం, పూరిల్లు, సముద్రానికి దూరం... వాళ్లు చూసేవి ఇవే. పింఛన్లు చూసే సంక్షేమ సహాయకుడు, ఊరి ఆరోగ్యం చూసే ఏఎన్‌ఎం సచివాలయంలో పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటారు, ఎవరి యాప్ వారిది.

పైన కలెక్టర్ ఉన్నారు కదా, ఆయనే అందర్నీ కలుపుతారు అనే జవాబు రెడీగా ఉంటుంది. నిజమే, టెలీకాన్ఫరెన్స్ పెడితే అన్ని శాఖలూ లైన్లోకి వస్తాయి. సెల్ టవర్లు పనిచేస్తున్నంత వరకు. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా అథారిటీలో కలెక్టర్‌కు, ఎస్పీకి, జిల్లా వైద్యాధికారికి పదవిరీత్యా చోటిచ్చింది. పింఛన్లు, అంగన్‌వాడీలు చూసే అధికారుల పేర్లు అందులో లేవు. రాష్ట్రం నియమించుకోవడానికి మరో ఇద్దరు జిల్లా అధికారులకు మాత్రం వీలుంది. నన్నడిగితే, ఉద్దానం ఉన్న జిల్లాలో ఆ రెండు కుర్చీలూ వాళ్లవే.

గర్భిణుల విషయంలో దారి ఇప్పటికే పడింది. తుపాను వస్తోందంటే కాన్పు తేదీ దగ్గరపడినవాళ్లను ముందుగానే ఆసుపత్రులకు చేరుస్తున్నారు. అది సాధ్యమైంది ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో తేదీ రాసి ఉండబట్టే. డయాలసిస్‌కీ తేదీ ఉంది, ఇంకా కచ్చితంగా ఉంది. గాలి వచ్చే ముందు రోజే అందరికీ ఒక విడత ముగించవచ్చు. నడవలేనివాళ్లను డయాలసిస్ కేంద్రం పక్కనున్న బడిలో ఉంచవచ్చు. వాళ్లకు అన్నం, పప్పు వేరుగా వండించడం పెద్ద ఖర్చూ కాదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో మరో చిక్కు వచ్చింది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. నాగావళికి, వంశధారకు ఈ గీతలు తెలియవు. వరదలో అటు వ్యక్తిని ఇటు ఆసుపత్రికి తేవాల్సి వస్తే 108కి సరిహద్దు అడ్డం కాదు, మరి జాబితాకో?

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ మందస పల్లె నుంచి పలాస దాకా రోడ్డు మీద చెట్లు పడి ఉంటే 200 పడకలూ దూరమే. కాబట్టి సెప్టెంబరులోనే ఒక రోజు ఏదో ఒక డయాలసిస్ కేంద్రంలో, రోగులు లేని వేళ చూసి, చెప్పాపెట్టకుండా కరెంటు మెయిన్ ఆపేయండి. జనరేటర్ ఎన్ని నిమిషాల్లో లేచింది, డీజిల్ ఎన్ని గంటలకు సరిపోయింది, నీళ్ల ట్యాంకర్ ఎవరు పంపారు, దాని బిల్లు ఏ శాఖ కట్టింది... కాగితం మీద రాసుకోండి. ఆఖరి ప్రశ్న దగ్గరే గొడవ మొదలవుతుందని నా అనుమానం. అదేదో గాలి లేనప్పుడే తేల్చుకుంటే మేలు.