కోకా సుబ్బారావు గారిని మర్చిపోతే ఎలా?

మీ వ్యాసంలో గోప్యత హక్కు 2017లో, అది ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చిన పుట్టస్వామి కేసుతోనే పుట్టినట్టు రాశారు, మన కోకా సుబ్బారావు గారి పేరే ఎత్తలేదు. హైదరాబాద్‌లో హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేసిన మనిషండీ ఆయన! తర్వాత సుప్రీంకోర్టు జడ్జిగా ఉండగా 1962లో ఖరక్ సింగ్ కేసు, అంటే పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు కొట్టి చూసిపోయే వ్యవహారం, అది తప్పేనని మిగతా జడ్జీలూ అన్నారు గానీ గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు, వ్యక్తి స్వేచ్ఛలో అదీ భాగమేనని జస్టిస్ షాతో కలిసి విడిగా తీర్పు రాసింది ఈయనే. తక్కువమంది జడ్జీలు ఇచ్చిన మైనారిటీ తీర్పు కదా, దాదాపు 55 ఏళ్లు పక్కన పడి ఉంది. సరే, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒప్పుకున్నారు, మరి పాతబస్తీలో పోలీసులు కార్డన్ సెర్చ్ అని బస్తీని చుట్టుముట్టి సోదాలకు ఇల్లిల్లూ తిరిగితే ఆ ఇంటివాళ్లు రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయడానికి లాయర్ ఫీజు ఎవరిస్తారు? దాని మీద కూడా రాయండి.