మహారాజశ్రీ క్రాష్ గార్డు గారి సముఖమునకు

ఉభయకుశలోపరి.

కొత్త బండి షోరూం గడప దాటకముందే తమరు ఇంజిన్‌కు అటూ ఇటూ గొట్టాల కంచెలా దానికి బిగుసుకుపోతున్నారు. ఆక్టాగన్ అని ఒకసారి, బటర్‌ఫ్లై అని ఇంకోసారి, పూటకో అవతారం. కొనేవాడు మెరుపు చూస్తాడు. అమ్మేవాడు ఒక్క ముక్కే చెప్తాడు: "ఇది ఉంటే కాలికి ఢోకా లేదన్నా!"

పేచీ అంతా ఆ ముక్కతోనే. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. తమరున్న బండ్ల మీద పాదానికి, చీలమండకు దెబ్బలు తగ్గాయట. తగ్గినంతా మోకాలికి, తొడకు పెరిగిందట. చెల్లుకు చెల్లు. మన మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చున్నవాళ్ల కోసం చేతిపిడి, ఫుట్‌రెస్టు, చీర గార్డు ఉండి తీరాలంటుంది. తమరి ఊసు అందులో లేదు. హైవే ఎక్కగానే తమరి మీద కాళ్లు బారజాపేవాళ్లకూ, తలకు పెట్టాల్సిన హెల్మెట్‌ను తమరికి తగిలించేవాళ్లకూ ఈ సంగతి ఎవరు చెప్పాలో!

అలాగని తమరు దండగ అనడం లేదు. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సిగ్నల్ దగ్గర పక్కకు ఒరిగితే ట్యాంకు సొట్ట పడకుండా, గేర్ లివరు వంగకుండా, ఇంజిన్ కవరు పగలకుండా ఆపాల్సింది తమరే. ఎంచుకోవాల్సిందీ ఆ పనికే. అంగట్లోనే తేల్చుకోవచ్చు: తమరి బయటి అంచు నుంచి వెనక ఫుట్‌రెస్టు దాకా తిన్నని కర్ర ఒకటి ఆనిస్తే చాలు. కర్రకు ఏది తగిలితే, బండి పడ్డప్పుడు నేలకూ అదే తగులుతుంది. హ్యాండిల్ కంటే వెడల్పు మాత్రం వద్దు స్వామీ. ఆటోల సందులో హ్యాండిల్ దూరిందని బండి తోసినవాడికి తమరు కిందనుంచి బంపర్ పట్టుకుని షాకిస్తారు.

ఇక తమరి కులగోత్రాలు. "స్టీలే సార్, అయస్కాంతం పెట్టి చూసుకోండి" అంటారు. అయస్కాంతం పైపు పొడవునా గట్టిగా అంటుకుంటే చాలావరకు లోపల మామూలు ఇనుము, పైన క్రోమ్ పూత, నిజమే. అంటుకోకపోతే మాత్రం అది 304 అనే మేలు రకం స్టెయిన్‌లెస్ స్టీలే అని కాదు. చవక రకం 202కీ అయస్కాంతం అంటదు. పైగా అసలైన 304 కూడా పైపు వంచిన చోట కాస్త లాగుతుంది. అప్పుడు మంచిదాన్నే నకిలీ అనుకుని వదిలేసి వస్తాం. గ్రేడ్‌కు సాక్ష్యం బిల్లు మీది రాతే. పౌడర్ కోటింగ్ వేసిన ఇనుమైనా తప్పులేదు, కాకపోతే కింది వంపులో నీళ్లు కారిపోయే బెజ్జం ఉందో లేదో వేలు పెట్టి చూడాలి. లేకపోతే తుప్పు లోపలినుంచి తింటుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

అసలు రోగం బిగింపులో ఉంది. కిందొక్క బోల్టు మీద వేలాడే గార్డు, బండి పడగానే ఆ బోల్టు చుట్టూ తిరిగి ఇంజిన్‌నే కొడుతుంది. కింద ఇంజిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టు దగ్గర, పైన ఛాసిస్ గొట్టానికి క్లాంపుతో, రెండు చోట్లా పట్టు ఉండాలి. కుడి ఎడమలను కలుపుతూ ముందు అడ్డ పైపు ఉంటే ఇంకా మంచిది. "వంగనే వంగదు" అని గొప్పలు పోతారు చూడండి, అదే భయం. తమరు వంగకపోతే ఆ దెబ్బ ఛాసిస్ తింటుంది. గార్డుకు పెట్టిన వేల రూపాయలు పోతే పోనీ, ఛాసిస్ మారిస్తే దాని మీది నంబరు కోసం ఆర్టీఏ ఆఫీసు మెట్లెక్కాలి.

బిగించేటప్పుడు ఇంజిన్ కింద జాకీ పెట్టి, ఫౌండేషన్ బోల్టులు ఒకటి తీసి ఒకటి వేయాలి. అన్నీ ఒకేసారి లాగితే ఇంజిన్ కిందకు జారుతుంది. కొత్త బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 అంకె ఉండాలి, మర కూడా పాతదానితో కలవాలి. అన్నీ చేత్తో తిప్పి కూర్చోబెట్టాకే స్పానర్ పట్టాలి. బెజ్జాలు కలవకపోతే గడ్డపారతో ఎగదన్నే మేస్త్రీలున్నారు. అలా బలవంతాన కూర్చున్న పైపు ఇంజిన్ అదురుకు వెల్డింగ్ దగ్గర చీలుతుంది. హ్యాండిల్ రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూడాలి, ఆయిల్ ఫిల్టర్ విప్పడానికి చెయ్యి దూరుతుందో చూడాలి. 500 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి.

చివరగా ఒక మనవి. ఒకసారి పడి వంగాక గ్యాస్ మంట పెట్టించుకుని, సుత్తితో సాపు చేయించుకుని మళ్లీ కొలువుకు రాకండి. వెళ్తూ వెళ్తూ వంగిన బోల్టులను కూడా తీసుకుపొండి. తమరి తర్వాత వచ్చేవారి బిల్లు మీద గ్రేడ్ రాయించి, షాపు ముద్ర వేయించి పంపగలరు.

ఇట్లు,
తమరి బరువు మోస్తున్న ఫౌండేషన్ బోల్టుల తరఫున