విడాకుల తర్వాత మాటలు బంద్ చేయాలన్న సలహాకు ఖండన

“విడాకులయ్యాక మాజీ భార్యాభర్తలు మాట్లాడుకుంటే పిల్లల మనసు పాడవుతుంది. కోర్టు ఎవరికి అప్పగిస్తే బిడ్డ వారిదే. రెండోవారు డబ్బు పంపి తప్పుకోవడమే మర్యాద.” ఈ సందేశం తిరుపతి, చిత్తూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతోంది. పెద్దమనుషులు కూడా దీన్నే పంచాయతీల్లో ధర్మసూక్ష్మంలా వల్లిస్తున్నారు కనుక వివరంగా జవాబు చెప్పక తప్పదు.

ముందుగా “బిడ్డ వారిదే” అన్న మాట. 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, విడాకుల డిక్రీ వచ్చాక కూడా పిల్లల సంరక్షణ, పోషణ, చదువులకు సంబంధించిన ఉత్తర్వులను కోర్టు మార్చవచ్చు, నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. అటువంటి ఉత్తర్వులు శాశ్వతమైనవి కావని సుప్రీంకోర్టు 1973లోనే రోజీ జాకబ్ కేసులో చెప్పింది. అయిదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం 1956 నాటి హిందూ మైనారిటీ (మైనరు వయసు), సంరక్షణ చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమానికే అగ్రస్థానం ఇచ్చింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని, ఒకరి దగ్గర ఉంటున్నా రెండోవారిని కలిసే, మాట్లాడే అవకాశం ఉండాలని 2020లో యశితా సాహూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బిడ్డను పొలం పట్టాలాగా ఒకరి పేర రాసిచ్చే పద్ధతి మన చట్టంలో లేదు.

మాటలు ఆపేస్తే పిల్లలకు ప్రశాంతత అన్నది ఇంతకన్నా పెద్ద పొరపాటు. తండ్రి చిత్తూరులో, తల్లి తిరుపతిలో ఉన్నారనుకుందాం. ఆదివారం సాయంత్రం తండ్రి జ్వరంతో ఉన్న పాపకు పారాసిటమాల్ సిరప్ పట్టి బస్సులో తీసుకొచ్చి, అవ్వకు అప్పగించి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోతాడు. ఒళ్ళు కాలిపోతోందని తల్లి గంట తిరక్కుండానే మళ్ళీ అదే మందు పడుతుంది. ఆ మందుకు మందుకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. “నాలుగున్నరకు సిరప్ పట్టాను” అన్న చిన్న మెసేజ్ చాలు, ఈ ప్రమాదం తప్పేది. పెద్దలు మాట్లాడుకోని ఇంట్లో పిల్లలే రాయబారులవుతారు: “ఫీజు సంగతి మీ నాన్ననడుగు”, “మీ అమ్మకు చెప్పు, వచ్చే వారం కుదరదని.” మనసు పాడయ్యేది ఇక్కడ.

సెలవుల సంగతీ అంతే. తిరుపతి గంగజాతర మే నెలలో, సరిగ్గా ఎండాకాలం సెలవుల్లో వస్తుంది. మనవడికి వేషం వేయిస్తానని అవ్వ మొక్కుకున్న వారమే తండ్రి వంతు అయితే, ఆ రెండు రోజుల సర్దుబాటుకు కోర్టులో పిటిషన్ వేసి వాయిదా కోసం కాచుకోవాలా? ఒక్క ఫోన్ కాల్‌తో తేలే పని అది.

అమ్మానాన్నలు మాట్లాడుకుంటే మళ్ళీ కలుస్తారని పిల్లలు ఆశపడతారంటారు. మాట్లాడుకోకపోయినా ఆ ఆశ ఉంటుంది. “మేమిద్దరం కలిసి ఉండం, నీకు మాత్రం ఇద్దరమూ ఉంటాం” అని వయసుకు తగినట్టు చెప్పాలి, ఒక్కసారి కాదు, అడిగినప్పుడల్లా.

డబ్బు పంపితే బాధ్యత తీరిందనడమూ, పంపకపోతే బిడ్డను చూపించబోమనడమూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. పోషణ ఖర్చు బిడ్డకు రావలసినది. కలవనివ్వలేదని దాన్ని ఆపకూడదు, అది రాలేదని కలవడాన్నీ ఆపకూడదు. రెండింటికీ కోర్టులో వేర్వేరు దారులున్నాయి.

ఈ సందేశం ఒక్కచోట మాత్రం నిజానికి దగ్గరగా వస్తుంది, ఆ చోటును అది ప్రస్తావించనే లేదు. కొట్టిన, బెదిరించిన మనిషితో “పిల్లల కోసం” మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 21వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా బాధితురాలికి అప్పగించవచ్చు, కలవడం బిడ్డకు హానికరమనుకుంటే దాన్ని నిరాకరించాలి. అటువంటి కేసుల్లో బిడ్డను ఎక్కడ, ఏ వేళకు, ఎవరి సమక్షంలో చూపించాలో ఉత్తర్వులోనే రాయించమని వకీలును అడగాలి.